వంగే వేళ్ళు, జారే కీళ్ళు

తొమ్మిది మార్కుల పరీక్ష

చిటికెనవేలిని వెనక్కి వంచండి. నిటారుగా లేచి, అక్కడ ఆగకుండా ఇంకా వెనక్కి పోయిందా? ఒక మార్కు. రెండో చేతిదీ అలాగే పోతే ఇంకొకటి. బొటనవేలు వంచితే ముంజేతికి ఆనిందా? చేతికొక మార్కు. మోచెయ్యి చాపినప్పుడు పది డిగ్రీలకు మించి అవతలికి వంగినా, నిలబడ్డప్పుడు మోకాలు అంతే వెనక్కి పోయినా పక్కకొకటి చొప్పున నాలుగు. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి అరచేతులు రెండూ నేలకు ఆనిస్తే ఆఖరి మార్కు. మొత్తం తొమ్మిది. దీన్ని బైటన్ స్కోరు అంటారు.

పీటర్ బైటన్, ఆయన సహచరులు 1973లో దక్షిణాఫ్రికాలోని ఒక ఆఫ్రికన్ సమాజంలో కీళ్ళు ఎంతమేర వంగుతాయో చూడటానికి వాడిన లెక్క ఇది. ఊరందరినీ వరసపెట్టి చూసుకుంటూ పోవడానికి వీలుగా ఉంటుంది. ఒక్కొక్కరి జబ్బు తేల్చడానికి పుట్టిన పద్ధతి కాదు. అందుకే ఇందులో భుజం లేదు, తుంటి లేదు, దవడ లేదు, చీలమండ లేదు. జారితే మనిషిని ఏడిపించేవి మాత్రం అవే. స్కోరు రెండే వచ్చిందని భుజం మాటిమాటికీ జారే పిల్లను 'నీకేం లేదు పో' అనడం సరికాదు.

ఎన్ని మార్కులొస్తే వదులు అన్నట్టు? 2017లో అంతర్జాతీయ నిపుణులు గీసిన గీత ప్రకారం ఈడు రాని పిల్లలకు 6, ఆ తర్వాత యాభై ఏళ్ళ దాకా 5, యాభై దాటితే 4. వయసుతో కీళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి పెద్దవాళ్ళకు ఈ రాయితీ. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, యూరప్ వాళ్ళకన్నా మన ఆసియా వాళ్ళలో ఈ వదులు ఎక్కువ. చాలామందికి దీనితో ఏ బాధా ఉండదు. పైగా కూచిపూడి మాస్టారు, జిమ్నాస్టిక్స్ కోచ్ ఇలాంటి పిల్లలనే ముందు వరసలో నిలబెడతారు.

ఒళ్ళంతా వదులు, ఒక్కచోట వదులు

అన్ని వదులులూ ఒకటి కావు. కొందరికి ఒళ్ళంతా వంగుతుంది. కొందరికి చేతివేళ్ళు, కాలివేళ్ళ వరకే. ఇంకొందరికి ఒకటి రెండు కీళ్ళలోనే, అదీ ఏ దెబ్బ తగిలాకో, ఏళ్ళ తరబడి ఒకే ఆట ఆడినందుకో. నాలుగో రకం తమాషాగా ఉంటుంది. 'ఇప్పుడు వంగలేనండీ, చిన్నప్పుడైతే రెండు కాళ్ళూ మెడ మీద వేసుకుని అందర్నీ నవ్వించేదాన్ని' అనే యాభై ఏళ్ళావిడ ఈ కోవలోకి వస్తుంది. బైటన్ లెక్కలో ఆవిడకు మార్కులు రావు. అందుకని హకీం, గ్రాహం అనే ఇద్దరు డాక్టర్లు 2003లో ఐదు ప్రశ్నలు తయారు చేశారు. చిన్నప్పుడు ఒళ్ళు మెలికలు తిప్పి స్నేహితులకు చూపించేవారా, మోకాలిచిప్పో భుజమో ఒకటికన్నా ఎక్కువసార్లు జారిందా, ఇలాంటివి. రెండింటికి అవునంటే డాక్టరు ఆగి ఆలోచించాలి.

వదులుతో పాటు నొప్పులు, బెణుకులు, జారడాలు ఉండి, మరే పెద్ద జబ్బు లక్షణాలకూ సరిపోకపోతే దాన్ని ఇప్పుడు హైపర్‌మొబిలిటీ స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటున్నారు. పేరు పొడుగే గానీ, 'నీ నొప్పి నిజమే' అని కాగితం మీద రాసివ్వడానికి ఈ మాత్రం పేరైనా ఉండటం మంచిదే.

గాజుల దగ్గర

గాజులమ్మే ఆవిడ చేతిని ఎలా పట్టుకుంటుందో గమనించారా? వేళ్ళన్నీ ఒక్కచోటికి చేర్చి, బొటనవేలి మొదలును అరచేతి మధ్యకు నొక్కి, పిడికిలి వెడల్పు తగ్గించి, గాజును చిటికెనవేలి వైపు నుంచి ఒక మెలి తిప్పి పైకి జరుపుతుంది. మెత్తని చెయ్యి దొరికితే రెండూ ఆరు పట్టాల్సిన చోట రెండూ నాలుగు ఎక్కించేస్తుంది. అక్కడ ఆవిడ చూస్తున్నది బొటనవేలి మొదటి కీలు ఎంత లోపలికి పోతుందన్నదే.

ఆసుపత్రిలో మార్ఫాన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు (దాని కథ ముందు వస్తుంది) కోసం చూసే రెండు గుర్తులూ ఇక్కడికి దగ్గరివే. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగిస్తే దాని గోరు మొత్తం అవతలి అంచు దాటి బయటికి రావడం ఒకటి. ఒక చేతి మణికట్టును రెండో చేత్తో చుట్టి పట్టుకుంటే బొటనవేలు చిటికెనవేలి గోరును పూర్తిగా కప్పేయడం రెండోది. రెండూ ఉంటేనే పూర్తి మార్కులు.

విల్లు ఎక్కుపెట్టలేని యోధులు

క్రీస్తుకు ముందే హిప్పోక్రటీస్ గాలి, నీళ్ళు, ప్రదేశాల గురించి రాసిన గ్రంథంలో సిథియన్లనే సంచారజాతి ప్రస్తావన ఉంది. వాళ్ళ ఒళ్ళు మెత్తన, కీళ్ళు వదులు, విల్లు లాగడానికి, ఈటె విసరడానికి భుజంలో పట్టు చాలదు, అందుకని భుజాలకూ మణికట్లకూ తుంటికీ వాతలు పెట్టించుకునేవారు అని. వాత పెడితే కీలు బిగుస్తుందని నమ్మకం. భుజం జారకుండా వాత పెట్టే వైద్యం ఆయన గ్రంథాల్లోనే ఇంకోచోట కూడా వస్తుంది.

మద్రాసులో కంగారూ తోక

కీలును పట్టి ఉంచే లిగమెంట్, చర్మం, రక్తనాళం గోడ, కంటిగుడ్డు తెల్లపొర, ఎముక లోపలి అల్లిక. వీటన్నిటికీ ఆధారం కొల్లాజెన్ అనే ప్రోటీను. ఒంట్లో ఉన్న మొత్తం ప్రోటీన్లలో మూడో వంతు దాకా ఇదే. దాని ఆకారం ఏమిటన్న చిక్కుముడి విప్పింది మద్రాసు యూనివర్సిటీలో.

అప్పటికి అక్కడ పనిచేస్తున్న జి.ఎన్.రామచంద్రన్‌కు ముప్పై ఏళ్ళ చుట్టుపక్కలే. బ్రిటిష్ శాస్త్రవేత్త బెర్నాల్ మద్రాసు వచ్చినప్పుడు, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ తేలలేదని చెప్పాడు. ఎక్స్‌రే తీయడానికి శుభ్రమైన కొల్లాజెన్ పోగులు కావాలి. పక్కనే సెంట్రల్ లెదర్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తోలు అంటేనే కొల్లాజెన్ కదా! తర్వాతి కాలంలో మన యలవర్తి నాయుడమ్మ గారు డైరెక్టరుగా నడిపిన సంస్థే ఇది. వాళ్ళ దగ్గర కంగారూ తోక టెండన్ దొరికింది. దాన్ని పట్టుకుని రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో నేచర్ పత్రికలో తమ నమూనా ప్రకటించారు. మూడు పోగులు ఒకదానినొకటి పెనవేసుకుని తిరిగిన జడ. మరుసటి ఏడాది దాన్ని ఇంకాస్త సరిదిద్దారు.

ఆ జడ నడిమి భాగంలో చోటు బహు తక్కువ. అందుకే ప్రతి మూడో స్థానంలో అన్నిటికన్నా చిన్న అమైనో ఆమ్లమైన గ్లైసిన్ ఉండి తీరాలి. జన్యువులో ఒక్క అక్షరం మారి, గ్లైసిన్ చోట ఇంకా లావుపాటిది వచ్చి కూర్చుంటే జడ అక్కడ ఉబ్బుతుంది. అది ఏ రకం కొల్లాజెన్ అన్నదాన్ని బట్టి ఒకరికి ఎముకలు విరుగుతాయి, ఇంకొకరికి రక్తనాళం చీలుతుంది. కారణం చూస్తే చిన్నది, ఫలితం మాత్రం మనిషి జీవితమంతా.

నిమ్మకాయ కథలో మలుపు

కొల్లాజెన్ పోగులు గట్టిపడాలంటే విటమిన్ సి కావాలి. పాతకాలపు ఓడల్లో స్కర్వీ వచ్చిన నావికుల చిగుళ్ళు నెత్తురు కారడం అందరికీ తెలిసిందే. వాళ్ళకు ఎప్పుడో మానిపోయిన పాత గాయాలు కూడా మళ్ళీ విచ్చుకునేవి. ఆ మచ్చలోని కొల్లాజెన్‌ను శరీరం రోజూ మరమ్మతు చేస్తూ ఉంటుంది. సరుకు అందకపోతే పని ఆగుతుంది. అలాగని జన్యులోపంతో వచ్చిన వదులుకు నిమ్మరసం మందు కాదు.

ఇద్దరి పేరు, పదమూడు రకాలు

కీళ్ళు వదులై, చర్మం సాగే జన్యు జబ్బుల్లో ఒకటి ఎహ్లర్స్-డాన్లో సిండ్రోమ్. అందులో మొదటి పేరు 1901లో వివరించిన డెన్మార్క్ చర్మవైద్యుడిది, రెండోది 1908లో వివరించిన ఫ్రెంచి డాక్టరుది. వీళ్ళిద్దరికన్నా ముందే, 1892లో, మాస్కోలో చెర్నొగూబొవ్ అనే ఆయన ఇలాంటి రోగులను చూపించాడు. పాపం, పేరు మాత్రం దక్కలేదు.

1997 నాటి వర్గీకరణలో దీనికి ఆరు రకాలు. 2017 నాటికి పదమూడు. ఆ వెంటనే పద్నాలుగోది కూడా బయటపడింది. వీటిలో కొన్ని మరీ అరుదు. డెర్మటోస్పరాక్సిస్ అనే రకాన్ని మనుషుల్లో గుర్తించడానికి ముందే బెల్జియం పశువుల్లో చూశారు. ముట్టుకుంటే చిరిగిపోయే చర్మంతో దూడలు పుట్టేవి.

విచిత్రం ఏమిటంటే, అరుదైన రకాలన్నిటికీ జన్యువు దొరికింది. అందరిలో ఎక్కువగా కనిపించే హైపర్‌మొబైల్ రకానికి మాత్రం ఇంతవరకు ఖాయంగా జన్యువు తేలలేదు. కాబట్టి దానికి రక్తపరీక్ష లేదు. కీళ్ళు, చర్మం, కుటుంబం, నొప్పుల చరిత్ర చూసి డాక్టరు తేల్చాల్సిందే. ఎవరైనా ఒక్క టెస్టుతో చెప్పేస్తామని డబ్బులడిగితే అనుమానించండి.

సాగే చర్మం, వేలాడే చర్మం

ఎహ్లర్స్-డాన్లో ఉన్నవాళ్ళ చర్మం లాగితే సాగుతుంది, వదిలితే చటుక్కున వెనక్కి పోతుంది. క్యూటిస్ లాక్సాలో చర్మం సాగి అలాగే వేలాడిపోతుంది. పసివాడి ముఖంలో ముసలితనం కనిపిస్తుంది. మొదటిదానిలో చాలామటుకు లోపం కొల్లాజెన్‌ది, రెండోదానిలో చర్మాన్ని వెనక్కి లాగే ఎలాస్టిన్ పోగులది.

ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ యోబ్ వాన్ మీకెరెన్ 17వ శతాబ్దంలోనే ఒక స్పెయిన్ యువకుడి గురించి రాసిపెట్టాడు. ఆ కుర్రవాడు ఛాతీ చర్మాన్ని ముఖం దాకా లాగి చూపించేవాడట. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దపు సర్కస్ గుడారాల్లో ఇలాంటివాళ్ళు టిక్కెట్టు పెట్టి చూపించే వింత. ఈ కాలంలో బ్రిటన్‌కు చెందిన గ్యారీ టర్నర్ పొట్ట చర్మాన్ని 15.8 సెంటీమీటర్లు లాగి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. ఆయనకున్నదీ ఎహ్లర్స్-డాన్లోనే.

దంతవైద్యుడికి చెప్పాల్సిన సంగతి ఒకటి: ఎహ్లర్స్-డాన్లో ఉన్న కొందరికి చిగురుకిచ్చే మత్తు ఇంజెక్షన్ సరిగా పట్టదు. 'భయం వల్ల అలా అనిపిస్తోంది' అని కసురుకోవడం అన్యాయం.

ప్రాణాల మీదికి తెచ్చేదానికి వంకరలు తక్కువ

ఎహ్లర్స్-డాన్లోలో అన్నిటికన్నా భయపడాల్సింది వాస్కులర్ రకం. మూడో రకం కొల్లాజెన్ జన్యువులో లోపం. ధమనులు, పేగు, గర్భాశయం ఉన్నట్టుండి చీలే ప్రమాదం ఉంటుంది. వీళ్ళ చర్మం పెద్దగా సాగదు. కీళ్ళు కూడా వేళ్ళ దగ్గర తప్ప అంతగా వంగవు. బైటన్ స్కోరును నమ్ముకుంటే వీళ్ళు తప్పిపోతారు. కనిపించేవి వేరే గుర్తులు: ఛాతీ మీద నీలి నరాలు బయటికి కనిపించేంత పల్చని చర్మం, తగిలీ తగలకుండానే కమిలిపోవడం, సన్నని ముక్కు, పల్చని పెదవులు, చిన్న వయసులోనే ధమని చీలి పోయిన రక్తసంబంధీకులు.

బెంచీ మీద నుంచి జారిన ఫ్లో హైమన్

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల వాలీబాల్ జట్టుకు వెండి పతకం తెచ్చినవాళ్ళలో ముఖ్యురాలు ఫ్లో హైమన్. ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు. పొడుగు చేతులు, ఆమె కొట్టే స్పైక్ అంటే అవతలి జట్టుకు హడల్. 1986 జనవరి 24న జపాన్‌లోని మత్సుయె పట్టణంలో మ్యాచ్ మధ్యలో ఆమెను మార్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. కూర్చున్నది కూర్చున్నట్టే కిందికి జారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు. మొదట గుండెపోటు అనుకున్నారు. శవపరీక్షలో బృహద్ధమని చీలిందని, కారణం మార్ఫాన్ సిండ్రోమ్ అని తేలింది. అన్నాళ్ళూ ఎవరూ అనుమానించలేదు. ఆటగత్తె పొడుగ్గా ఉంటే వింతేముంది? ఆ వెంటనే ఆమె తమ్ముణ్ణి పరీక్షిస్తే అదే జబ్బు కనిపించింది. ఆపరేషన్ చేశారు.

మార్ఫాన్ ఉన్నవాళ్ళు సుమారు ఐదు వేలమందిలో ఒకరు. లోపం కొల్లాజెన్‌ది కాదు, ఫైబ్రిలిన్ అనే మరో పోగుది. జన్యువు 1991లో దొరికింది. 1972లో వేసిన లెక్కలో వీళ్ళ సగటు ఆయుష్షు 32 ఏళ్ళే. ఎకో తీసి బృహద్ధమని వెడల్పు ఏటా కొలుచుకోవడం, బీపీ మందులు, చీలకముందే మొదలు భాగం మార్చేసే ఆపరేషన్, ఈ మూడూ కలిసి ఇవాళ దాన్ని డెబ్బై దాకా తెచ్చాయి.

1896లో పారిస్‌లో ఆంటోయిన్ మార్ఫాన్ చూపించిన ఐదేళ్ళ గాబ్రియేల్‌కు ఉన్నది బహుశా ఈ జబ్బు కాదని, దీనికి దగ్గరి చుట్టమైన మరొకటని ఇప్పుడు చాలామంది నిపుణుల అభిప్రాయం. ఆ పాప వేళ్ళు పొడుగ్గా ఉన్నా సాగేవి కావు, ముడుచుకుని ఉండేవి.

లెన్స్ పైకా, కిందికా?

మార్ఫాన్‌లో కంటి లెన్స్ కట్లు తెంచుకుని సాధారణంగా పైకి జరుగుతుంది. హోమోసిస్టిన్యూరియాలో కిందికి. ఈ రెండో జబ్బువాళ్ళు కూడా పొడుగ్గా, సన్నగా, అచ్చం మార్ఫాన్‌లాగే ఉంటారు. కీళ్ళు మాత్రం వంగవు, బిగుతుగా ఉంటాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. వీళ్ళలో కొందరికి విటమిన్ బి6 బాగా పనిచేస్తుంది. తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి ఒక లోపం కలిస్తేనే వచ్చే జబ్బు కనుక మేనరికాల్లో దీని అవకాశం పెరుగుతుంది.

కొండనాలుక చూపించు

మందు వేస్తే ఉన్న నాలుక ఊడుతుందని మన సామెత కొండనాలుకను వెక్కిరిస్తుంది గానీ, దాన్ని చూడటం వల్ల ప్రాణం నిలిచిన సందర్భాలున్నాయి. లోయిస్, డీట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు 2005లో కొత్త సిండ్రోమ్‌ను వివరించారు. కొండనాలుక రెండుగా చీలి ఉండటం, కళ్ళ మధ్య ఎడం, మెలికలు తిరిగిన ధమనులు. ఇందులో ధమనులు మార్ఫాన్‌లో కన్నా చిన్న వెడల్పులోనే చీలవచ్చు, ఆపరేషన్ ముందే చేయాల్సి వస్తుంది. నోరు తెరిచి ఆ అనమంటే దొరికే ఆధారం! చీలిన కొండనాలుక ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ ఉంటుందనుకోండి.

నీలి ఛాయ

కంటి తెల్లగుడ్డు నీలంగా కనిపించే పిల్లలుంటారు. చిన్నపాటి తాకిడికే ఎముక విరగడం కూడా తోడైతే అది పెళుసు ఎముకల జబ్బు, ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా కావచ్చు. తెల్లపొరలో కొల్లాజెన్ పల్చనైతే వెనకున్న పొర రంగు తెలుస్తుంది. వీళ్ళకు కీళ్ళు వదులు, పెద్దయ్యాక కొందరికి వినికిడి తగ్గుతుంది. ఒక పిల్లవాణ్ణి మూడోసారి పుత్తూరు కట్టుకు తీసుకెళ్తున్నారంటే కట్టు సంగతి అలా ఉంచి కళ్ళలోకి ఒకసారి చూడాలి. ఫ్రెంచి జాజ్ పియానో విద్వాంసుడు మిషెల్ పెట్రుచియానీది ఈ జబ్బే. ఎత్తు మూడడుగులు. పెడల్స్‌కు కాళ్ళు అందడానికి ప్రత్యేక ఏర్పాటు చేసుకుని ప్రపంచమంతా కచేరీలు చేశాడు.

కేసరిపప్పు దాయాది

కందిపప్పులో, శనగపిండిలో కల్తీ కలుపుతారని మనం భయపడే కేసరిపప్పు ఎక్కువకాలం తింటే కాళ్ళు చచ్చుబడతాయి. ఆ విషాన్ని 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రావు, అడిగ, శర్మ వేరుచేశారు. అది నరాల మీద దెబ్బ. ఇదే కుటుంబంలోని పూలమొక్క స్వీట్ పీ గింజల్లో ఉండే విషం మాత్రం కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి కుట్టే ఎంజైమును ఆపేస్తుంది. ఆ గింజలు మేపిన ఎలుకలకు వెన్ను వంకరపోయింది, బృహద్ధమని ఉబ్బి పగిలింది. మార్ఫాన్‌లో ఏం జరుగుతుందో ప్రయోగశాలలో ఊహించడానికి అది మొదటి దారుల్లో ఒకటి.

మెటికలు

దిష్టి తీసి అమ్మమ్మ కణతల దగ్గర విరిచే మెటికలకు, కీళ్ళ వదులుకు సంబంధం వెతకొద్దు. ఆ టప్ అనే శబ్దం కీలులోని ద్రవంలో వాయువు బుడగ వల్ల వచ్చేది. డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికన్ డాక్టరు దాదాపు అరవై ఏళ్ళు ఒక చేతి మెటికలే విరిచి, రెండో చేతివి వదిలేసి, చివరికి రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని ప్రకటించాడు. 2009లో ఆయనకు నవ్వించే ఇగ్ నోబెల్ ఇచ్చారు.

సాగదీయకండి, గట్టిపరచండి

వదులు కీళ్ళవాళ్ళు యోగా క్లాసులో మొదటిరోజే హీరోలు. చిక్కు అక్కడే. ఇప్పటికే సాగిన లిగమెంట్‌ను ఇంకా సాగదీస్తే లాభం లేదు. వాళ్ళకు కావాల్సింది కీలు చుట్టూ ఉన్న కండరాన్ని గట్టిపరిచే కసరత్తు. మోచెయ్యి, మోకాలు చివరిదాకా లాక్ చేయకుండా ఒక వెంట్రుకవాసి ముందే ఆపమని తెలిసిన ఫిజియోథెరపిస్టు చెబుతారు. లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, గుండె దడదడలాడటం వీళ్ళలో చాలామందికి ఉంటుంది. మన దగ్గర దాన్ని నీరసమనో, రక్తం తక్కువనో ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తారు. పడుకున్నప్పుడు, నిలబడ్డ పది నిమిషాలకు నాడి కొలిస్తే తేడా ఇంట్లోనే తెలుస్తుంది.

మందుల షాపులో

జ్వరానికీ విరేచనాలకూ చీటీ లేకుండా అడిగి కొనేసే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కుటుంబం మీద 2018 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. మార్ఫాన్, ఎహ్లర్స్-డాన్లో ఉన్నవాళ్ళకు, బృహద్ధమని ఉబ్బినవాళ్ళకు వేరే దారి లేకపోతే తప్ప ఇవ్వొద్దని. బృహద్ధమని చీలే ప్రమాదం పెరుగుతుందని కారణం.

హైదరాబాదులో ఎక్కడ?

అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021 కింద నిమ్స్ ఆసుపత్రితో కలిసి సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం) ప్రత్యేక కేంద్రంగా గుర్తింపు పొందింది. జెనెటిక్స్ డాక్టరు ముందు కాగితం తీసి మూడు తరాల వంశవృక్షం గీస్తారు. మేనరికమా అని అడుగుతారు. ఛాతీనొప్పితో హఠాత్తుగా పోయిన చిన్నాన్న, చిన్నవయసులో రెటీనా ఊడిన మేనత్త, అలాంటివన్నీ రాసుకుని వెళ్తే సగం పని అయినట్టే. ఆ వృక్షంలో ఏమీ కనిపించకపోయినా పరీక్ష మానరు. మార్ఫాన్ ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి అమ్మానాన్నల్లో ఎవరికీ ఆ జబ్బు ఉండదు, లోపం వాళ్ళతోనే మొదలవుతుంది.